వదిన రొట్టె

సీసాలో పిండి ఆ రోజు కూడా లేవలేదు.

వదిన దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది. పొద్దున పిండీ నీళ్లూ కలిపి పెట్టి పనికి వెళ్లినప్పుడు ఎక్కడుందో, సాయంత్రం వచ్చేసరికీ అక్కడే ఉంది. ఒక్క బుడగ లేదు. ఎంత పొంగిందో తెలియడానికి సీసాకు అంటించిన కాగితం ముక్క మాత్రం మళ్లీ ఊడి అల్మారాలో పడి ఉంది. "పనికిమాలిన జిగురు!" అని దాన్ని ఉండచుట్టి విసిరికొట్టింది. కోపం జిగురు మీద కాదులెండి. ఆ మాటకొస్తే పిండి మీదా కాదు. అదంతా మరిది మీది కోపం. ఆ కోపంతోనే ఈ పిండి కలపడం మొదలుపెట్టింది.

ఆమెను వీధి వీధంతా వదిన అనే పిలిచేది. బేకరీలో మరిది "వదినా, వదినా" అని కేకలేస్తుంటే విని విని కొనేవాళ్లకూ అదే పేరు నోటికి పట్టింది. పెళ్లయి వచ్చిన కొత్తలోనే అత్తగారు ఆమె చేతిలో ఒక జాడీ పెట్టింది. అందులో తల్లిపిండి ఉండేది. రోజూ అందులోంచి సగం తీసి రొట్టెల ముద్దలో కలపాలి. మిగిలిన సగానికి కొత్త పిండీ కాసిని నీళ్లూ పెట్టాలి. అది తిని, పులిసి, పొంగి, మర్నాటి రొట్టెను పొంగిస్తుంది. అంగట్లో అమ్మే ఈస్ట్‌తో పనే లేదు. అత్తగారు పోయాక కూడా వదిన ఆ జాడీని ఒక్క పూట పస్తుంచలేదు. ఒళ్లు కాలిపోతున్న జ్వరంలోనూ లేచి దానికి పెట్టాకే తను పడుకునేది. ఆమె కాల్చిన రొట్టె పైన కరకరలాడేది, లోపల మెత్తగా ఉండేది, తిన్నాక కాసేపు నాలుక మీద సన్నటి పులుపు నిలిచేది. దానికి వీధి పెట్టుకున్న పేరు వదిన రొట్టె.

మరిది తొందర మనిషి. ఈస్ట్ వేస్తే ఇట్టే పొంగేదానికి రోజంతా కాపలా ఏమిటని అతని బాధ. ఒకరోజు పొద్దున పనివాళ్లందరూ చూస్తుండగా జాడీ ఎత్తి తొట్టిలో బోర్లించాడు. అంతటితో ఊరుకోక సలసల కాగే నీళ్లు తెప్పించి లోపలంతా కడిగించాడు.

"ఈ కంపు ఇంక మనకొద్దు వదినా. ఇన్నాళ్లూ కష్టపడ్డావు, ఇకనుంచి ఇంటిపట్టున ఉండు" అన్నాడు, ఏదో పెద్ద మేలు చేస్తున్నట్టు.

తోడికోడలు పక్కనే నిలబడి కొంగుతో ముక్కు మూసుకుంది. వదినకు అసలు మండిందేమిటంటే, తన మొగుడు కూడా అక్కడే ఉన్నాడు. పిండి బస్తాల దగ్గర నిలబడి నేల చూపులు చూస్తున్నాడు. సైకిల్ మీద ఇంటింటికీ రొట్టెలు వేసొచ్చే మనిషి ఆయన. ఎవరు ఏమన్నా "పోనీలే, సర్దుకుపోదాం" అనడం తప్ప నోట్లోంచి ఇంకో మాట రాదు. అందుకే బేకరీలో అందరూ ఆయనకు సర్దుబాటు అని పేరు పెట్టారు. ఆయన ఎదురుగానే పిలిచేవారు. దానికీ సర్దుకుపోయాడు.

మొగుడూ పెళ్లాలు బయటికొచ్చి రెండు గదుల వాటాలో చేరారు. వదిన ఒక ఆఫీసు క్యాంటీన్‌లో కూరలు తరిగే పనికి కుదిరింది. సర్దుబాటుకు నడుం నొప్పి వచ్చింది. బేకరీ పోయాక వచ్చిన నొప్పి అది. దానికి మందు లేదు. అంతవరకైనా వదిన ఓర్చుకునేదేమో. కొన్నాళ్లకు బేకరీ మీద కొత్త బోర్డు వెలిసింది. "అసలైన వదిన రొట్టె ఇక్కడే." కింద వాటాలో ఉండే టైలరమ్మ ఒక రొట్టె కొని తెచ్చి చూపించింది. వదిన ఒక ముక్క నోట్లో వేసుకుని, నమలకుండానే ఉమ్మేసింది. ఈస్ట్ వేసి పొంగించి, పులుపు కోసం వెనిగర్ పోశాడు. తన తల్లిపిండిని మురుక్కాలవలో కలిపినవాడు తన పేరును మాత్రం అమ్ముకుంటున్నాడు.

"వాడి కొట్టుకు ఎదురుగానే కొట్టు పెడతాను" అంది వదిన. "వాడు గల్లాపెట్టె ముందు కూర్చుని ఈగలు తోలుకుంటుంటే కళ్లారా చూస్తాను. అప్పటిదాకా నాకు అన్నం ఒంటబట్టదు."

నోటిమాటగా అనేసి ఊరుకునే రకం కాదు. బేకరీకి సరిగ్గా ఎదురుగా బిస్కెట్ల తాత కొట్టు మూతపడి ఉంది. కళ్లు సరిగా కనబడక తాత వ్యాపారం మానేశాడు గానీ, బిస్కెట్లు కాల్చిన పొయ్యి లోపల చెక్కుచెదరకుండా ఉంది. ఆ కొట్టు గోదాముకు ఇమ్మని మరిది కూడా తిరుగుతున్నాడు. తాత ఇద్దరికీ తెగేసి చెప్పాడు.

"వచ్చే నెల మొదటి తారీఖున నా పొయ్యిలో నువ్వు రొట్టె కాల్చి పెట్టు. పాత రుచి ఉందా, కొట్టు నీది. లేదా, మీ మరిదికిచ్చేస్తా. పిండి బస్తాలు పెట్టుకుంటాడు, ఎలకలైనా బతుకుతాయి."

అదీ సంగతి. ఆ తారీఖులోగా పిండి లేవాలి. ఆ పిండేమో లేవనని మొండికేసి కూర్చుంది.

వదినకు తల్లిపిండిని సాకడం తెలుసు గానీ పుట్టించడం తెలియదు. ఆమె చేతికి వచ్చేటప్పటికే అది వయసు మీరినది. అయినా ఉపాయాలకు కొదవ లేదు. మొదట నీళ్ల మీద అనుమానం వచ్చింది. కుళాయి నీళ్లలో కలిపే మందు పులుపును చంపుతుందని, నీళ్లు కాచి చల్లార్చి పోసింది. లేవలేదు. తెల్ల పిండిలో సారం లేదేమోనని పొట్టుతో సహా మర పట్టించిన గోధుమపిండి కలిపింది. లేవలేదు. సీసాకు సబ్బు వాసన ఉందేమోనని ఉట్టి వేడినీళ్లతో కడిగింది. మూత బిగుసుకుందేమోనని వదులు చేసింది. పలచనైందేమోనని గట్టిగా కలిపింది. చలి వేస్తోందేమోనని తన పాత శాలువా చుట్టి పెట్టింది. సీసా పసిపిల్లలాగా వెచ్చగా పడుకుంది తప్ప పిండి ఇసుమంతైనా కదల్లేదు.

ఇన్ని పాట్లలోనూ సర్దుబాటు పక్కనే ఉన్నాడు. నడుం నొప్పి అంటూనే మరకు వెళ్లి పిండి పట్టించుకొచ్చాడు, నీళ్లు కాచాడు, శాలువా తనే చుట్టాడు. ఒకరోజు వదిన సీసాను తనతో పాటు క్యాంటీన్‌కు తీసుకెళ్తానంటే ఆయన గాభరా పడ్డాడు.

"బస్సులో ఆ తోపులాటలో పగిలిపోతే? నేను ఇంట్లోనే ఉంటాగా, కళ్లలో వత్తులు వేసుకుని చూసుకుంటా."

అవును కదా అనుకుంది వదిన. ఈ మనిషి నన్ను ఎప్పుడూ వెనకేసుకు రాలేదు, ఇప్పటికైనా బుద్ధొచ్చిందని లోలోపల సంతోషించింది కూడా. సాయంత్రాలు ఆయన టీ పెట్టి ఇచ్చి, సీసా వైపు చూసి నిట్టూర్చేవాడు.

"మన చేతుల్లో ఏముంది చెప్పు. రాసిపెట్టి ఉండాలి."

అప్పుడు మాత్రం ఆమెకు తన మీదే అనుమానం వచ్చేది. చేతి చలవ అంటారే, అది పోయిందా తనకు? మరిది ఆ రోజు తొట్టిలో పారబోసింది దాన్నేనా? ఆ ఆలోచన వచ్చిన ప్రతిసారీ పళ్లు నూరుకుని, ఇంకో గరిటెడు పిండి కలిపేది.

తారీఖు దగ్గర పడుతుండగా ఒక సెలవునాడు టైలరమ్మ దడదడా మెట్లెక్కి వచ్చింది. ఒక చేతిలో ఐస్‌క్రీం డబ్బా, ఇంకో చేతిలో ఎవరిదో కోటు. కోటు లోపలి గుడ్డంతా తెల్లగా బంక అంటుకుని ఉంది.

"ఏం తల్లీ, నామీద ఏమైనా కక్ష ఉంటే మొహం మీద చెప్పు. ఈ కోటు రేపు పెళ్లికి వేసుకోవాలట. చూడు నీ జిగురు ఏం చేసిందో!"

"నా జిగురేంటి?" అంది వదిన.

జరిగిందేమిటంటే, కొత్త పిండి కలిపే ముందు సీసాలోంచి సగం పాత పిండి తీసెయ్యాలి కదా, దాన్ని పారబోస్తుంటే టైలరమ్మ ప్రాణం ఉసూరుమంది. కొలతలకు కత్తిరించే కాగితాలు అతికించుకోవడానికి పనికొస్తుందని డబ్బాలో పట్టుకెళ్లేది. పలచగా అనిపిస్తే గుప్పెడు పిండి వేసి, చెంచాడు నీళ్లు పోసి కలిపేది. ఇస్త్రీ బల్ల కింద వెచ్చగా ఉంటుందని అక్కడ పెట్టేది. తెల్లారి చూసేసరికి అది మూత తన్నేసి, డబ్బా దాటి, బల్ల కింద మడతపెట్టి ఉంచిన కోటు మీదికి పాకింది.

వదిన డబ్బా లాక్కుంది. లోపల నిండా బుడగలు. వేలితో కదిపితే తేనెపట్టులా గుల్లగుల్లగా విచ్చుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. అదే వాసన! అత్తగారు జాడీ మూత తీసి చూపించిన మొదటి రోజు వచ్చిన వాసన. వదిన కళ్లు చెమ్మగిల్లాయి. ఆమె ఏడవడం చూసి టైలరమ్మ కంగారు పడింది.

"పోనీలేవే, కోటు ఉతికితే పోతుందిలే. అంత మాత్రానికేనా?"

"నువ్వు కలిపిన పిండి ఎక్కడిది?"

"నీదే. మొన్న రెండు గ్లాసులు అడిగి తీసుకెళ్లలా?"

"నీళ్లు?"

"కుళాయివి. మనిద్దరికీ వచ్చేవి ఒకటేగా. ఏం, మందు కలిపాననుకున్నావా?"

అదే పిండి, అవే నీళ్లు, ఆ సీసాలోంచి వచ్చిందే. కాచలేదు, చల్లార్చలేదు, శాలువాలు కప్పలేదు. కింద వాటాలో పొంగి పొర్లుతున్నది పై వాటాలో ఎందుకు చచ్చినట్టు పడి ఉంటోంది? లోపం పిండిలో లేదు, చేతిలో లేదు. ఉంటే ఇంట్లోనే ఉంది. వదిన ఆ డబ్బాను టైలరమ్మకే తిరిగిచ్చింది.

"దీన్ని బంగారంలా చూసుకో. పారేశావంటే నీ పీక నొక్కుతా. ఎవరికీ చెప్పకు, మా ఆయనక్కూడా."

మర్నాడు మామూలుగానే సీసాలో పిండి కలిపి, కొత్త కాగితం ముక్క అంటించి, క్యాంటీన్‌కని బయల్దేరింది. క్యాంటీన్‌లో కడుపునొప్పని చెప్పి మధ్యాహ్నమే వెనక్కొచ్చింది. సర్దుబాటు ఇంట్లో లేడు. అల్మారాలో సీసా కూడా లేదు. శాలువా ఉంది, మడత పెట్టి ఉంది. పగలగొట్టాడా, పారబోశాడా, ఎవరికైనా ఇచ్చాడా? గదంతా గాలించింది. మంచం కింద చూసింది, గిన్నెల వెనక చూసింది. ఆయాసం వచ్చి నోరెండిపోయి, చల్లటి నీళ్ల కోసం ఫ్రిజ్ తెరిచింది.

సీసా అక్కడుంది. నీళ్ల బాటిళ్ల వెనక, మూలకు నెట్టి ఉంది. గాజుకు బయటంతా చెమ్మ పట్టింది. పొద్దున అంటించిన కాగితం తడిసి సగం జారిపోయింది. రోజూ ఊడిపోయిన కాగితానికి జిగురును తిట్టింది తను. పిండి వెచ్చగా ఉంటేనే కదా పొంగేది. ఆమె గడప దాటగానే దాన్ని చలిలో పెడుతున్నాడు, ఆమె వచ్చేముందు తీసి, తుడిచి, శాలువా చుట్టి పెడుతున్నాడు. రాత్రిళ్లూ అదే పని అయ్యుంటుంది. ఆమె పడుకున్నాక లోపలికి, పాల కోసం తెల్లవారకముందే లేచినప్పుడు బయటికి. ఉప్పు గుమ్మరిస్తే ఒక్క రోజులో చచ్చేది. కాగే నీళ్లు పోసినా చచ్చేది. తమ్ముడికున్న ఆ తెగువ కూడా లేదు ఈ మనిషికి. చంపడానికి చేతులు రాక నిద్రపుచ్చుతున్నాడు.

మరిది పరాయివాడు, శత్రువు, అతని మీద పగ పెట్టుకుని హాయిగా బతకొచ్చు. ఈయనతో కలిసి రోజూ టీ తాగింది. నీళ్లు కాచి చల్లారుస్తుంటే విసనకర్రతో విసిరాడు ఈయన. అన్నీ తెలిసి విసిరాడు! సీసా తీసి గోడకేసి కొట్టాలన్నంత ఆవేశం వచ్చింది. చెయ్యి ముందుకు చాచింది కూడా. ఆ చెయ్యే మళ్లీ ఆగింది. ఇప్పుడు అరిస్తే ఏమవుతుంది? ఆయన నేల చూపులు చూస్తాడు. తప్పయిపోయిందంటాడు. రెండు రోజులు మాట్లాడకుండా ఉండి మూడో రోజు సర్దుకుపోవాలి. వద్దు. ఈసారి సర్దుకునేది తను కాదు. సీసాను ఉన్నచోటే ఉంచి, ఫ్రిజ్ తలుపు మెల్లగా మూసి, మంచినీళ్లు కూడా తాగకుండా కిందికి దిగి టైలరమ్మ గదిలో కిటికీ వెనక కూర్చుంది.

ఎండ వాలాక సర్దుబాటు సైకిల్ మీద వచ్చాడు. చేతిలో బేకరీ సంచీ. మొహం కళకళలాడుతోంది. బేకరీ గుమ్మం పక్కన ఒక బెంచీ ఉంది. మునుపు రొట్టెలు వేసొచ్చాక అక్కడే కూర్చుని తమ్ముడితో కబుర్లు చెప్పేవాడు. ఆ బెంచీ మళ్లీ దొరికిందన్నమాట. రోజూ వెళ్లి కబురు చేరవేస్తే తమ్ముడు పక్కన కూర్చోబెట్టుకుంటున్నాడు. వదినకు ఆ క్షణంలో అంతా అద్దంలో చూసినంత స్పష్టంగా అర్థమైంది. ఒక బెంచీ కోసం, అరగంట కబుర్ల కోసం, తనను అమ్మేశాడు.

ఎప్పుడూ వచ్చే వేళకు పైకి వెళ్లింది. సీసా అల్మారాలో శాలువాలో ఉంది.

"ఇవాళ కూడా లేవలేదే, పాపం" అన్నాడు సర్దుబాటు, టీ అందిస్తూ.

"అయ్యో" అంది వదిన. "ఏం పాపం చేశానో ఏమో."

"బాధపడకు. నేనున్నాగా."

ఆ టీ గుటకలు వేస్తూ తాగింది. ఆనాటి నుంచి ఆమె పగకు ఇద్దరయ్యారు. చెప్పకూడదు గానీ, పని రెండింతలైనందుకు ఆమెకు భలే హుషారు వచ్చింది. పొద్దున్నే సీసాలో ఉట్టి పిండీ నీళ్లూ కలిపి భక్తిగా పెట్టి వెళ్లేది. ఆయన దాన్ని భద్రంగా ఫ్రిజ్‌లో దాచేవాడు. సాయంత్రం ఆమె దాని ముందు కూర్చుని ముక్కు చీదేది. ఆయన వీపు నిమిరేవాడు. కింద ఇస్త్రీ బల్ల దగ్గర డబ్బాలోంచి బిందెలోకి మారిన అసలు తల్లిపిండి పూట పూటకూ ఉబ్బి పైకి తన్నేది. టైలరమ్మ దానికి మేత పెట్టడంలో ఆరితేరింది. కోటు పాడైన పెళ్లికొడుకు తిట్లు ఆమె ఎప్పుడో మరిచిపోయింది.

తారీఖుకు ముందు రోజు మరిది స్వయంగా వచ్చాడు. కుర్చీ వెయ్యమని ఎవరూ అనకుండానే కూర్చున్నాడు.

"ఏంటి వదినా, పిండి లేవట్లేదట? పైన నల్లనీళ్లు కూడా తేలాయట?"

నల్లనీళ్ల సంగతి ఇంట్లో ఉన్న ఇద్దరికే తెలుసు. సర్దుబాటు గబుక్కున లేచి కిటికీ రెక్క సరిచేయడానికి వెళ్లాడు.

"నీ దగ్గర దాచేదేముంది బాబూ" అంది వదిన. "నాకు చేతకాలేదు."

"అది పాతకాలపు పని. ఇంతోటిదానికి ఇన్ని తిప్పలెందుకు పడ్డావు?" మరిది జేబులోంచి ఒక ఈస్ట్ పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. "ఇదిగో, ఉంచు. సరదా తీరకపోతే ఇంట్లో ఒక రొట్టె చేసుకుని తిను. తాత కొట్టు నాకే ఇస్తాడు, ఇంక ఆయన్ని విసిగించే పని కూడా లేదు. గోదాములో ఊడ్చే మనిషి కావాలి. పరాయివాళ్లెందుకు, నువ్వు రా."

గోదాము ఊడ్చాలట! వదిన ఆ గొంతు అక్కడికక్కడే పట్టుకుని ఉండేదే. రేపటి కోసం ఆగింది.

"నీది పెద్ద మనసు" అంది. "తాత మాటిచ్చాడు కాబట్టి రేపు ఒకసారి వెళ్లి, నావల్ల కాలేదని చెప్పి, తాళం నీ చేతికే ఇప్పిస్తాను. మీ అన్నదమ్ములిద్దరూ రండి."

అన్నదమ్ములిద్దరూ ఒకరినొకరు చూసుకుని తృప్తిపడ్డారు.

మర్నాడు క్యాంటీన్‌లో తొందరగా రమ్మన్నారని, అట్నుంచి అటే తాత కొట్టుకు వస్తానని చెప్పి వదిన చీకటితోనే బయల్దేరింది. బిందెను చెరో పక్క పట్టుకుని ఆమే టైలరమ్మా తాత కొట్టుకు మోశారు. ముందురోజే కలిపి టైలరమ్మ బల్ల మీద గుడ్డలు కప్పి పొంగించిన ముద్దల్ని కూడా పళ్లాల్లో పేర్చి తెచ్చారు. తాత పొయ్యి రాజేసి ఉంచాడు. మొదటి వాయి లోపలికి వెళ్లాక వదిన పొయ్యి ముందు నేల మీదే చతికిలబడి కూర్చుంది. ఇన్నాళ్లూ ఎవరెవరి మీదో ఉన్న కసి అంతా పోయి, ఉట్టి భయం పట్టుకుంది. లేస్తుందా?

తలుపు తీస్తే వేడి మొహానికి కొట్టింది. రొట్టెలు లేచాయి. వెడల్పుగా కాదు, ఎత్తుగా, పొగరుగా లేచాయి. పైన పెట్టిన గాట్లు విచ్చుకుని గోధుమరంగు తిరిగాయి. తాత ఒకటి విరిచి, చెవి దగ్గర పెట్టుకుని పైపెచ్చు చిటపటలు విన్నాడు. ఒక ముక్క చప్పరించాడు. మొలతాడుకున్న తాళంచెవి విప్పి ఆమె ఒళ్లో వేశాడు.

వాసన వీధి దాటడానికి ఎంతోసేపు పట్టలేదు. ఎదురుగా బేకరీ ముందు వరసలో నిలబడ్డవాళ్లు ఒకరొకరే తలలు తిప్పారు. మొదట ఒక నర్సు ఇటు వచ్చింది, తర్వాత బడికి పోయే పంతులమ్మ, ఆ తర్వాత ఆ వరసే ఇటు తిరిగింది. "ఇది కదమ్మా వదిన రొట్టె!" అని ఎవరో గట్టిగా అన్నారు. బేకరీ గల్లాపెట్టె ముందు తోడికోడలు ఒక్కతే మిగిలింది. వదిన పని ఆపి, తలెత్తి, ఆ దృశ్యాన్ని కళ్లారా చూసింది. ఎంత బాగుందో! ఇంత బాగుంటుందని ఆమె కూడా అనుకోలేదు.

అన్నదమ్ములు తాళం కోసం ముస్తాబై అప్పుడే వచ్చారు. మరిది గుమ్మంలోనే నిలబడిపోయాడు. రొట్టెల బుట్టను చూశాడు, వరసను చూశాడు, తన కొట్టు వైపు చూశాడు. చివరికి అన్న వైపు తిరిగాడు.

"ఏంటిది అన్నయ్యా? చచ్చిందన్నావు. నిన్న కూడా చచ్చిందనే చెప్పావు!"

సర్దుబాటు నోరు తెరిచాడు. ఆయనకూ నిజంగానే ఏమీ అర్థం కాలేదు. ఆయన నోట్లోంచి మాట వచ్చేలోపే వదిన అందుకుంది.

"మీ అన్నయ్యనేం అనకు బాబూ. ఈ కొట్టు నిలబడిందంటే ఆయన చలవే. నీకు అనుమానం రాకుండా రోజూ వచ్చి నీ పక్కన కూర్చుని, లేవలేదు లేవలేదని చెప్పాడు చూడు, ఆ ఉపాయం ఆయనదే. నువ్వు నమ్మి హాయిగా నిద్రపోయావు కాబట్టి సరిపోయింది. లేకపోతే తాతను ఏదో రకంగా తిప్పేసేవాడివి. నేనే అన్నాను, పాపం తోడబుట్టినవాడు కదండీ, అంత మోసం ఎందుకని. ఆయనే వినలేదు. నా పెళ్లాం జాడీ పారబోసినవాడు నాకు తమ్ముడేంటన్నాడు."

వరసలో ఉన్నవాళ్లు "అబ్బో!" అన్నారు. ఎవరో సర్దుబాటు భుజం తట్టారు.

"అది కాదురా" అన్నాడు సర్దుబాటు. "నేను నీకోసమే... నేను నిజానికి..."

"నిజానికి ఏంటండీ?" అంది వదిన మెత్తగా. "చెప్పండి. మీరు నిజంగా ఏం చేశారో తమ్ముడికి చెప్పండి. నేనూ వింటాను."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. అప్పుడు అర్థమైంది ఆయనకు. తమ్ముడి దగ్గర నిజాయితీ నిరూపించుకోవాలంటే, పెళ్లాం ముందు, ఇంతమంది ముందు, రోజూ దొంగతనంగా సీసాను చలిలో దాచానని చెప్పాలి. ఆ మాట చెబితే ఇల్లు లేదు. చెప్పకపోతే తమ్ముడు లేడు. తలకాయ నేల వైపు వాలింది.

మరిదికి అదే సాక్ష్యమైంది.

"బెంచీ మీద పక్కన కూర్చోబెట్టుకున్నాను కదరా నిన్ను!" అన్నాడు. అన్నను రా అనడం అదే మొదటిసారి. "ఇంత విషం పెట్టుకుని నా టీ తాగావా? ఈ జన్మకు నా గడప తొక్కకు. నేను చచ్చినా రాకు."

వీధి దాటి వెళ్లి, గుమ్మం పక్కనున్న బెంచీని రెండు చేతులా ఎత్తి లోపలికి విసిరేశాడు. కొయ్య విరిగిన చప్పుడు ఇటువైపుకు వినబడింది. సర్దుబాటు ఆ చప్పుడుకు ఉలిక్కిపడ్డాడు. కళ్లలో నీళ్లు బొటబొటా రాలుతున్నాయి. తుడుచుకోవడం కూడా తెలియలేదు ఆయనకు.

వదినకు జాలి వేసింది. వెయ్యలేదంటే అబద్ధమే. అన్ని ఏళ్ల మొగుడు, నలుగురిలో చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. ఒక్క మాట చెబితే చాలు, మరిదిని వెనక్కి పిలిచి అసలు సంగతి చెబితే చాలు, ఆయనకు తమ్ముడు దక్కుతాడు. ఆ మాట గొంతుదాకా వచ్చింది. ఫ్రిజ్‌లో చెమ్మ పట్టిన సీసా గుర్తొచ్చి, మింగేసింది.

రెండో వాయి కాలింది. తీసి బుట్టలో పేర్చింది. రొట్టెలు కాగితంలో చుట్టడానికి చేతులు చాలడం లేదు. సర్దుబాటు వచ్చి పక్కన నిలబడి, ఎవరూ చెప్పకుండానే చుట్టడం మొదలుపెట్టాడు. చుడుతూనే, ఆమెకు మాత్రమే వినబడేలా అన్నాడు.

"వాడు ఇంక నాతో మాట్లాడడే. నాకింకెవరున్నారు?"

"నేనున్నాగా" అంది వదిన, ఆయన వీపు నిమురుతూ.

ఆయన చేతిలో రొట్టె జారి కింద పడింది. వదిన వంగి తీసి, దుమ్ము దులిపి, మళ్లీ ఆయన చేతిలోనే పెట్టింది.